వేసవిలో తీరం దగ్గర గాలం వేట: గైడ్‌తో వెళ్లే ట్రిప్ నుంచి పోటీ దాకా

"గైడ్‌ను పెట్టుకుని వెళ్లాం. ఎనిమిది గంటలు పడవలో ఉన్నాం. ఎండకు వాడిపోయాం గానీ చేప తగల్లేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?" వేసవి మొదలైతే చాలు, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. దాని వెనకే ఇంకొకటి: "పోటీలో దిగాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?"

రెండింటికీ జవాబు ఒక్క చోటే మొదలవుతుంది. వేసవిలో తీరం దగ్గరి నీళ్లు రోజులో కొన్ని గంటలే మనకు అనుకూలంగా ఉంటాయి. ముందు ఆ గంటలేవో తేల్చుకుని, మిగతా ఏర్పాట్లన్నీ వాటి చుట్టూ చేసుకోవాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. సెలవు దొరికిన రోజు చూస్తారు, ఎండెక్కాక బయల్దేరుతారు, ఆ తర్వాత గైడ్‌ను తప్పుపడతారు.

తీరం దగ్గరి వేట అంటే నడిసముద్రం కాదు. నదీ ముఖాలు, అఖాతాలు, ఉప్పునీటి కాలువలు, మడ అడవుల మధ్య పాయలు, గడ్డి పెరిగే మెరక నేలలు. ఎక్కువగా మోకాలి లోతు నుంచి రెండు నిలువుల లోతు వరకు ఉండే నీళ్లు. లోతు తక్కువ కాబట్టి త్వరగా వేడెక్కుతాయి. వేసవిలో చిక్కంతా అక్కడే ఉంది.

1. తేదీ కంటే ముందు ఆటుపోట్లు చూడండి

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. కొన్ని చోట్ల ఒక్కటే. రెండు వచ్చే చోట ఒక నిండు పోటు నుంచి ఇంకో నిండు పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఇవాళ ఉదయం 6 గంటలకు పోటు నిండితే, రేపు 6:50 ప్రాంతంలో నిండుతుంది.

నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో ఎక్కదు. పన్నెండు భాగాల లెక్క గుర్తుంచుకోండి: మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడు నాలుగు గంటల్లో 3 చొప్పున, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1. ఆటుకు, పోటుకు తేడా 120 సెంటీమీటర్లయితే, మధ్య రెండు గంటల్లోనే 60 సెంటీమీటర్ల నీరు కదులుతుంది. చిన్న చేపలను, రొయ్యలను ఆ నీరే లాక్కొస్తుంది. పెద్ద చేపలు మలుపుల దగ్గర కాచుకుని ఉండేది అప్పుడే.

ఇప్పుడు దీన్ని పొద్దుతో కలపండి. తెల్లవారుజామున 3:30కి నీరు పూర్తిగా తీసి, 9:40కి పోటు నిండే రోజు ఉందనుకుందాం. నీరు జోరుగా పరుగెత్తేది 5:30 నుంచి 7:30 వరకు. చల్లటి పొద్దు, కదిలే నీరు రెండూ కలిసిన రోజు అది. గైడ్‌కు ఫోన్ చేయాల్సింది అలాంటి రోజు కోసం.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీటి తేడా ఎక్కువగా ఉంటుంది. అష్టమి దాటాక తక్కువ. కొత్తవాళ్లకు ఈ రెండింటికీ మధ్య రోజులు మేలు. నీరు మరీ ఉరకదు, మరీ నిలిచిపోదు.

ఒక మెలిక చెబుతాను, ఎక్కువమంది దీన్ని పట్టించుకోరు. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల సముద్రపు నీరు లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాములు పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు పట్టుకోగలిగేది సుమారు 6.2 మాత్రమే. పైగా గడ్డి, నాచు దట్టంగా ఉన్న నిలవ నీటిలో రాత్రంతా మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి. అందుకే అలాంటి చోట తెల్లవారే ముందే అది అట్టడుగుకు పడిపోతుంది. "పొద్దున్నే కదా" అని నిలవ నీటి మూలలోకి వెళితే చేపలు కనబడవు. పొద్దున కాలువ నోళ్లకు, నీరు ఒరుసుకుంటూ పోయే అంచులకు వెళ్లండి.

తేదీ ఖాయం చేసే ముందు:
- పట్టికలోని సమయం ఏ చోటికి ఇచ్చిందో చూశారా? కాలువ లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది.
- గాలి ఎటు నుంచి? తీరం వైపు వీచే గాలి నీటిని పట్టిక చెప్పినదానికంటే పైకి తోస్తుంది, తీరం నుంచి సముద్రం వైపు వీచేది దించుతుంది.
- మధ్యాహ్నం ఉరుముల సూచన ఉందా?
- ప్రత్యామ్నాయంగా ఇంకో తేదీ ఉందా?

2. గైడ్‌తో మొదటి ఫోన్ మాట

"చేపలు పడతాయా?" అని అడగకండి. పడతాయనే అంటారు. ఈ ప్రశ్నలు అడగండి:

- ఈ వారంలో నీళ్లు ఎలా ఉన్నాయి? ఏ చేప తగులుతోంది, ఏ సమయంలో?
- బతికున్న ఎరతోనా, ల్యూర్లతోనా (చేపలా, రొయ్యలా కనిపించే కృత్రిమ ఎరలు)? నాకు విసరడం నేర్పిస్తారా?
- పడవలో ఎంతమంది? నీడ ఉందా? పిల్లల కొలతకు లైఫ్ జాకెట్లు ఉన్నాయా?
- మీ లైసెన్సు, బీమా సంగతి ఏమిటి? నాకు విడిగా లైసెన్సు కావాలా?
- వాతావరణం బాగాలేకపోతే రద్దు చేసే నిర్ణయం ఎవరిది? బయానా ఏమవుతుంది?
- పట్టిన చేపల్లో ఏవి ఉంచుకోవచ్చు, ఏవి వదలాలి?

మంచి గైడ్ మొదటి ప్రశ్నకు వివరంగా జవాబు చెబుతాడు. నీటి రంగు, ఎర చేపలు ఎక్కడున్నాయి, నిన్న ఎన్ని గంటలకు ఆగిపోయాయి, ఇలాంటివి. "రండి సార్, చూసుకుందాం" అని దాటేస్తే ఇంకొకరిని వెతకండి. గాలి ఎక్కువైతే నేనే రద్దు చేస్తాను అని తనంతట తాను చెప్పే గైడ్‌ను వదులుకోవద్దు.

మీ వైపు నుంచి కూడా నిజం చెప్పాలి. ఎప్పుడూ రాడ్ పట్టలేదంటే పట్టలేదనే చెప్పండి. పడవలో కడుపు తిప్పుతుందా, మోకాళ్ల నొప్పి ఉందా, ఈత రాదా, అన్నీ ముందే చెప్పాలి. దాన్ని బట్టే ఆయన చోటును, పడవను, ఎరను నిర్ణయిస్తాడు. పెద్ద చేప ఒక్కటి కావాలా, పిల్లలకు ఎక్కువ చేపలు తగలాలా, పోటీకి సాధనా? ఈ మూడూ మూడు వేర్వేరు ట్రిప్పులు.

నన్నడిగితే వేసవిలో పూర్తి రోజు ట్రిప్ వద్దు. చీకటి ఉండగా బయల్దేరి పది గంటలకల్లా ఒడ్డుకు చేరే సగం రోజు ట్రిప్ చాలు. పూర్తి రోజు కావాలనుకుంటే రెండు సగాలుగా రెండు రోజులు వెళ్లండి.

3. సామాను: తక్కువే, కానీ సరిగ్గా

గైడ్ దగ్గర సామాను ఉంటుంది. అయినా సొంతంగా ఒక రాడ్ తెచ్చుకుంటే చేతికి అలవాటవుతుంది, పోటీకి అదే పనికొస్తుంది.

- ఏడడుగుల మీడియం రాడ్, ముందు భాగం త్వరగా వంగేది.
- 2500 నుంచి 4000 సైజు స్పిన్నింగ్ రీల్, ఉప్పునీటికి తట్టుకునేది.
- 10 నుంచి 20 పౌండ్ల బ్రెయిడ్ లైన్, అంటే సన్నని పోగులతో అల్లిన దారం. పౌండ్లంటే తెగకుండా తట్టుకునే బరువు.
- 20 నుంచి 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే లైన్ కొసకు, గాలానికి మధ్య కట్టే మందపాటి దారం, రెండు మూడు అడుగులు. గుల్లలు, మడవేళ్లు ఉన్న చోట ఇంకొంచెం మందం.
- బతికున్న ఎరకు సర్కిల్ గాలాలు, మొన లోపలికి వంగినవి. త్వరగా తుప్పుపట్టే రకమైతే, ఒకవేళ చేపలో ఉండిపోయినా అరిగిపోతుంది.
- పొడవు ముక్కు పటకారు, లైన్ కత్తెర, రబ్బరు వల, కొలబద్ద.

వేసవిలో మరీ సన్నని లైన్ వాడటం నాకు ఇష్టం ఉండదు. సన్నని లైన్‌తో చేపను ఎక్కువసేపు ఆడించాలి. వేడి నీటిలో ఎక్కువసేపు పోరాడిన చేప, వదిలాక ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించి తర్వాత చనిపోవచ్చు.

*ముడి.* బ్రెయిడ్‌ను లీడర్‌కు కలపడానికి ఎఫ్‌జీ ముడి వస్తే మంచిదే, రాకపోతే డబుల్ యూని అనే సులువైన ముడి చాలు. ఏ ముడైనా బిగించే ముందు తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి లీడర్ బలహీనపడుతుంది. ఇంట్లోనే పది ముడులు వేసి, గుడ్డ చుట్టుకున్న చేత్తో లాగి తెంపి చూడండి. ఎక్కడ తెగిందో చూస్తే తప్పేమిటో తెలుస్తుంది.

*డ్రాగ్.* చేప లాగినప్పుడు లైన్ ఎంత బిగువు మీద వదలాలో నిర్ణయించే రీల్ బ్రేకు ఇది. దీన్ని చేత్తో అంచనా వేయొద్దు. రాడ్‌ను చేపతో పోరాడేటప్పటిలా కాస్త వంచి పట్టుకోండి. లైన్ కొసను స్ప్రింగు త్రాసు కొక్కేనికి కట్టి, ఇంకొకరిని మెల్లగా లాగమనండి. రీల్ ‘కిర్ర్’మని లైన్ వదలడం మొదలైన క్షణంలో త్రాసు ఎంత చూపిస్తోంది? మీ లైన్, లీడర్లలో దేని బలం తక్కువో దానిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు ఉండాలి. 7 కిలోల లైన్ అయితే రెండు కిలోల దగ్గర. త్రాసు ముల్లు ఒక్కసారిగా ఎగిరి పడితే డ్రాగ్ లోపల ఉప్పు పేరుకుందని అర్థం. ట్రిప్‌కు ముందే శుభ్రం చేయించుకోండి.

4. ఎండ, ఉరుము, ముల్లు

ఈ అంశాన్ని దాటేసి చదివేవాళ్లే ఎక్కువ. దయచేసి దాటేయకండి.

*నీళ్లు.* దాహం వేసేదాకా ఆగకూడదు. ఎండలో పని చేస్తున్నప్పుడు ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే పావు లీటరు తాగండి. అలాగని గంటకు లీటరున్నర మించవద్దు. చెమట ధారగా పోతుంటే మధ్యలో లవణాలు కలిపిన నీళ్లు కూడా తీసుకోవాలి. మద్యం ఒడ్డుకు వచ్చేదాకా ముట్టుకోవద్దు.

*గుర్తులు.* తల తిరగడం, వికారం, విపరీతమైన చెమట, కండరాలు పట్టేయడం కనిపిస్తే వేట ఆపి నీడలో పడుకోబెట్టి ఒంటికి తడి గుడ్డలు వేయాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా అది వడదెబ్బ. ప్రాణం మీదికి వచ్చే విషయం. ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ, విసురుతూ, సాయానికి ఫోన్ చేస్తూ వెంటనే ఒడ్డుకు తిప్పాలి. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయకూడదు.

*బట్టలు.* పొడుగు చేతుల పలుచని చొక్కా, మెడ కప్పే గుడ్డ, వెడల్పు అంచు టోపీ. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైది, రెండు గంటలకోసారి. పూసుకున్న చేతులతో ఎరను తాకకండి, తుడుచుకుని తాకండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి. నీటి మీద మెరుపును తీసేసి అడుగును చూపిస్తాయి, ఎగిరొచ్చే గాలాల నుంచి కంటిని కాపాడతాయి. తక్కువ లోతు నీటికి రాగి రంగు అద్దాలు బాగుంటాయి.

*ఉరుము.* ఉరుము వినిపించిందంటే పిడుగు మీ దాకా రాగలదు. వెంటనే రాడ్లన్నీ దించి పడుకోబెట్టండి, కార్బన్ రాడ్ విద్యుత్తును పట్టుకుంటుంది. ఒడ్డుకు చేరి లోపలికి వెళ్లండి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ నీటిలోకి దిగొద్దు. పోటీలో ఆఖరి గంటైనా ఇదే మాట.

*టేకు ముల్లు, జెల్ల ముల్లు.* మెరక నేలల్లో దిగి నడిచేటప్పుడు కాళ్లు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడవండి. ఆ కదలికకు టేకు చేప, అంటే అడుగున పడుకుని ఉండే, తోకలో ముల్లున్న చదును చేప, పక్కకు తప్పుకుంటుంది. ముల్లు దిగితే, చర్మం కాలనంత వేడి నీళ్లలో, 45 డిగ్రీల లోపు, ఆ భాగాన్ని అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. వైద్యుడికి చూపించడం తప్పనిసరి. ఛాతీలో, పొట్టలో, మెడలో దిగిన ముల్లును పీకొద్దు.

*గాయాలు.* వెచ్చటి ఉప్పునీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. తెగిన గాయంతో నీళ్లలోకి దిగొద్దు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇది మరీ ప్రమాదం. వేటలో గీసుకుంటే సబ్బుతో, మంచినీళ్లతో వెంటనే కడగండి. గంటల్లోనే వాపు, ఎరుపు, జ్వరం పెరుగుతుంటే ఆసుపత్రికి వెళ్లి ఉప్పునీటిలో గాయమైందని చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారుతుంది.

5. పడవ ఎక్కిన మొదటి పదిహేను నిమిషాలు

ఈ క్రమంలో చేయండి:

1. లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలు బిగించండి.
2. ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండర్, రేడియో ఎక్కడున్నాయో అడిగి చూడండి. మెరైన్ రేడియోలో ఆపద పిలుపుకు చానల్ 16.
3. ఇంజిన్ ఆపే తాడు గైడ్ ఒంటికి తగిలించి ఉందో లేదో చూడండి. ఆయన నీళ్లలో పడితే ఇంజిన్ ఎలా ఆపాలో మీకూ తెలిసి ఉండాలి.
4. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి.
5. ఎవరు ఏ వైపు విసరాలో మాట్లాడుకోండి. విసిరే ముందు వెనక్కి చూసి "విసురుతున్నా" అనడం అలవాటు చేసుకోండి.

6. నీటి మీద గంట గంటకూ

*వెలుగు రాకముందు నుంచి పొద్దెక్కేదాకా.* పైన తేలే ల్యూర్లకు ఇదే సమయం. చేప ఎగిరి కొట్టిన శబ్దం వినగానే చేయి రాడ్‌ను గుంజేస్తుంది, చాలా చేపలు అక్కడే పోతాయి. శబ్దానికి స్పందించకండి. బరువు చేతికి తెలిశాకే రాడ్ ఎత్తండి.

*ఏడు నుంచి తొమ్మిది.* ఎండ నీటిలోకి దిగుతుంది. చేపలు మెరక వదిలి అంచుల్లోకి, మడచెట్ల నీడలోకి, వంతెన స్తంభాల వెనక్కి జారుకుంటాయి. మెత్తటి ప్లాస్టిక్ ఎరను జిగ్ తలకు (బరువు తల ఉన్న గాలం) గుచ్చి, అడుగు తగిలేదాకా ఆగి, రెండు చిన్న కుదుపులిచ్చి మళ్లీ పడనివ్వండి. పడేటప్పుడే ఎక్కువగా అందుకుంటాయి కాబట్టి ఆ సమయంలో లైన్ వదులు కాకూడదు. నీరు మురికిగా ఉంటే, శబ్దం చేసే బెండు కింద రొయ్యను వేలాడదీయడం బాగా పనిచేస్తుంది.

*తొమ్మిది తర్వాత.* లోతు, నీడ, ప్రవాహం. ఈ మూడింటిలో రెండైనా లేని చోట సమయం పెట్టకండి.

బతికున్న ఎర, సర్కిల్ గాలం వాడుతుంటే ఒక్క సూత్రం: కొట్టొద్దు, చుట్టండి. లైన్ పక్కకు జరుగుతుంది, రాడ్ కొస మెల్లగా వంగుతుంది, ఇంకా వంగుతుంది. అప్పుడు రీల్ తిప్పుతూ బరువును రాడ్ మీదకు తెచ్చుకోండి. గాలం తనంతట తాను జారి మూతి మూలన పట్టుకుంటుంది. గుంజితే మూతిలోంచి బయటికి వచ్చేస్తుంది. పాత అలవాటు ఉన్నవాళ్లకు ఇది మొదట చాలా కష్టం. రాడ్‌ను స్టాండ్‌లోనే వదిలి చేప తనే తగులుకునేదాకా చూడటం నేర్చుకోవడానికి సులువైన దారి.

గైడ్ "అక్కడ వేయండి" అన్నప్పుడు ఎందుకని అడగండి. ప్రతి చోటా అడగండి. నీటి మీద గీత, పక్షి దిగడం, ఎర చేపల బెదురు, ఏది చూసి చెప్పాడో తెలుసుకుంటే వచ్చే ట్రిప్‌కు మీరే చెప్పగలుగుతారు. చేపల లెక్కకంటే ఆ జవాబులు రాసుకున్న పుస్తకమే పోటీలో మీకు ఉపయోగపడుతుంది.

7. చేపను తీయడం, వదలడం

వేడి నీటిలో చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది, నీటిలో దొరికేదేమో తగ్గుతుంది. కాబట్టి ప్రతి పనీ త్వరగా జరగాలి.

1. రాడ్ పక్కకు వంచి ఒత్తిడి పెట్టి త్వరగా దగ్గరికి తెండి.
2. రబ్బరు వలలోకి తల ముందుగా రానివ్వండి. వలను నీటిలోనే ఉంచండి.
3. చేతులు తడుపుకోండి. పొడి చేతులు, గుడ్డలు చేప ఒంటి మీది జిగురు పొరను ఊడదీస్తాయి.
4. వీలైతే నీటిలోనే పటకారుతో గాలం తీయండి.
5. గాలం లోతుగా దిగితే లాగకండి, దగ్గరగా లైన్ కోసేయండి.
6. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధమయ్యాకే ఎత్తండి. పది పదిహేను సెకన్లు, రెండు చేతులతో అడ్డంగా. పెద్ద చేపను దవడ పట్టి నిలువుగా వేలాడదీయొద్దు.
7. తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకోండి. ముందుకు వెనక్కి ఊపకండి. తోక విదిల్చి తనే వెళ్లిపోయేదాకా ఆగండి.

పెద్దవాటిని వదలమని నేను గట్టిగా చెప్పేందుకు ఒక కారణం ఉంది. పండుగప్ప సాధారణంగా మగగా ఎదిగి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. అంటే మీ చేతిలో ఉన్న ఆ భారీ పండుగప్ప దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే. కనిష్ఠ కొలతతోపాటు గరిష్ఠ కొలత కూడా పెట్టే నిబంధనల వెనక ఉన్న ఆలోచన ఇలాంటిదే.

8. పోటీకి దిగేవాళ్లకు

8.1 నిబంధనలు మూడుసార్లు చదవండి

మొదటిసారి మొత్తం. రెండోసారి పెన్నుతో. మూడోసారి జోడీతో కలిసి బిగ్గరగా. వీటికి జవాబులు రాసుకోండి:

- హద్దులు ఎక్కడ? లైన్ నీటిలో వేసే సమయం, తీసే సమయం?
- ఎన్ని చేపల మొత్తం? బరువా, పొడవా?
- పొడవు తోక కొసదాకానా, తోక చీలికదాకానా? తోకను నొక్కి కొలవాలా?
- బతికున్న ఎర ఒప్పుకుంటారా?
- చనిపోయిన చేపకు ఎంత కోత? ఆలస్యానికి నిమిషానికి ఎంత?
- సమానమైతే గెలుపు ఎలా తేలుస్తారు?
- పోటీకి ముందు గైడ్‌తో వెళ్లడం, ఆయన్ని చోట్లు అడగడం ఏ రోజు నుంచి నిషేధం?

చివరిదాన్ని మరచిపోయి తప్పుకోవాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. బుకింగ్ చేసేటప్పుడే గైడ్‌కు పోటీ తేదీ చెప్పండి.

1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం, అంటే ఐజీఎఫ్ఏ నియమాలను ఆధారంగా తీసుకునే పోటీలు ఉన్నాయి. అక్కడ చేప తగిలాక మీ రాడ్‌ను, రీల్‌ను, లైన్‌ను ఇంకెవరూ తాకకూడదు. దగ్గరికి వచ్చాక లీడర్ పట్టుకోవడానికి మాత్రం సాయం తీసుకోవచ్చు. ఎరతో వేసేటప్పుడు మూడు కొక్కేల గాలం పనికిరాదు. ఉప్పునీటిలో 10 కిలోల లైన్ తరగతి వరకు లీడర్ 4.57 మీటర్లు మించకూడదు. లైన్‌ను రెండు పేటలుగా కడితే లీడర్‌తో కలిపి 6.1 మీటర్లు. "కాస్త పట్టుకో" అని స్నేహితుడికి రాడ్ ఇచ్చే అలవాటును సాధన ట్రిప్పుల్లోనే మానుకోండి.

8.2 సాధన రోజులు

పోటీ రోజు ఆటుపోట్లకు దగ్గరగా ఉండే రోజున వెళ్లండి. రెండు వారాల ముందు రోజు దాదాపుగా అదే సమయాలు చూపిస్తుంది. చేప ఉందని తేలాక అక్కడ ఇంకా పట్టకండి. గాలం లేని ఎరతో వేసి, తగిలితే చాలు, రాసుకుని వెళ్లిపోండి. ఒకటే మంచి చోటు చాలదు. ఎండకు, గాలికి, వేరే పడవలకు ఒక్కోదానికి ఒక్కో ప్రత్యామ్నాయం ఉండాలి.

8.3 గడియారాన్ని వెనక నుంచి లెక్కించండి

తూకం మధ్యాహ్నం 3 గంటలకు. ఆఖరి చోటు నుంచి ప్రయాణం 40 నిమిషాలు. ఎదురుగాలి, ఇంజిన్ ఇబ్బంది, తూకం దగ్గర వరుసకు ఇంకో 30. అంటే 1:50కి లైన్ ఎత్తేయాలి. 1:45కి ఫోన్‌లో అలారం పెట్టండి. మోగినప్పుడు చేప కొడుతూ ఉన్నా సరే, ఎత్తేయండి. ఆటు సమయంలో దారి మెరకపడుతుందా అన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

8.4 ఫొటో పోటీలో కొలబద్ద

తూకం బదులు, చేపను కొలబద్ద మీద పెట్టి తీసిన ఫొటోతో పొడవు లెక్కించే పోటీలు ఉంటాయి. అలాంటి నా మొదటి పోటీలో నాకు దొరికిన అన్నిటికంటే పెద్ద చేప లెక్కలోకి రాలేదు. మూతి కొలబద్ద చివర నిలువుగా ఉండే గోడకు వేలెడు దూరంలో ఉంది, నిర్వాహకులిచ్చిన గుర్తింపు బిళ్ల నా బొటనవేలి కింద సగం దాగింది. ఫొటో తీసిన వెంటనే పెద్దది చేసి చూసి ఉంటే మళ్లీ తీసేవాణ్ణి. చూడకుండా చేపను వదిలేశాను. అప్పటి నుంచి ఈ క్రమం తప్పను:

1. కొలబద్ద మీద నీళ్లు పోయాలి. ఎండలో అది పెనంలా కాలుతుంది.
2. మూతి మూసి, గోడకు ఆనించాలి.
3. నిబంధన చెప్పిన వైపే తల, చెప్పిన తీరులో తోక.
4. బిళ్ల పూర్తిగా కనబడాలి. వేళ్లు అంకెల మీద ఉండకూడదు.
5. కెమెరా నేరుగా పైనుంచి. పక్క నుంచి తీస్తే కొలత తప్పుగా కనిపిస్తుంది.
6. ఫొటోను పెద్దది చేసి చూసే వరకు చేపను వలలో, నీటిలో ఉంచాలి.

8.5 బతికున్న చేపను తూకానికి చేర్చడం

వేసవి పోటీల్లో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

- పడవలో చేపను బతికించి ఉంచే ట్యాంకును లోతైన, శుభ్రంగా పారే చోట నింపండి. వేడి కాలువ నీటితో వద్దు.
- గాలి పంపు మొదటి చేప పడక ముందే నడుస్తుండాలి.
- చల్లబరచడానికి గడ్డకట్టిన నీళ్ల సీసాలను మూతతోనే వేయండి. విడి మంచు వేస్తే ఉప్పుదనం తగ్గిపోతుంది, మంచులోని క్లోరిన్ కూడా చేరుతుంది. రెండు మూడు డిగ్రీలు, అదీ మెల్లగా.
- థర్మామీటర్ ట్యాంకులోనే ఉంచండి, ప్రతి 15 నిమిషాలకూ మూత తీసి చూడండి.
- చేప పక్కకు ఒరిగిందంటే వెంటనే నీరు మార్చి గాలి పెంచండి.
- తూకం సంచిలో ముందుగా ట్యాంకు నీళ్లు నింపండి. సంచిలో ఉండే సమయం నిమిషాల్లోనే ఉండాలి.

9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

*విసిరిన ప్రతిసారీ లైన్ చిక్కుపడుతోంది.* రీల్‌లో లైన్ చుట్టుకునే స్పూల్ మీద బ్రెయిడ్ వదులుగా చుట్టుకుంది, లేదా అంచుదాకా నిండిపోయింది. కొంత తీసి, తడి గుడ్డతో బిగువుగా పట్టి మళ్లీ చుట్టండి. విసిరాక రీల్ మీది తీగ వంపును, అంటే బెయిల్‌ను, చేత్తోనే మూయండి.

*చేప తగులుతోంది, దగ్గరికి వచ్చాక తెగుతోంది.* లీడర్ ఆఖరి జానెడు భాగాన్ని గోటితో రాసి చూడండి. గరుకు తగిలితే కోసి ముడి మళ్లీ వేయాలి. ప్రతి చేప తర్వాత చేయాల్సిన పని ఇది. పడవ దగ్గర డ్రాగ్ బిగించే అలవాటు ఇంకో కారణం. చేప ఆఖరి పరుగు తీసేది అక్కడే.

*నిన్న పడిన చోట ఇవాళ ఏమీ లేదు.* నిన్నటి గడియారంతో వెళ్లారు. ఆటుపోటు 50 నిమిషాలు జరిగింది.

*చేపలు కనబడుతున్నాయి, ఎర ముట్టడం లేదు.* ఎర వాటి మీదే పడుతోంది. అవి వెళ్లే దిక్కుకు రెండు మూడు మీటర్లు ముందు వేసి దారిలోకి లాగండి. పడవ అడుగున డబ్బాలు, కాళ్ల చప్పుడు కూడా ఆపండి.

*గైడ్‌తో మాట కుదరడం లేదు.* గంట గడిచేలోపే మర్యాదగా చెప్పండి: "నాకు విసరడం నేర్చుకోవాలని ఉంది, కాసేపు ఒకే చోట ఉందామా?" ఒడ్డుకు వచ్చాక చెబితే ఇద్దరికీ లాభం లేదు.

10. ఇంటికి వచ్చాక

ఉంచుకున్న చేపలను వేట మధ్యలోనే మంచులో పూడ్చి ఉంటారు. కరిగిన నీటిలో తేలనివ్వకండి, నీరు వంచేసి మంచు చేర్చండి.

రీల్‌ను గొట్టంతో జోరుగా కడగొద్దు. ఒత్తిడికి ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. డ్రాగ్ బిగించి, సన్నని మంచినీటి జల్లుతో కడిగి, తుడిచి నీడలో ఆరబెట్టండి. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి, లేకపోతే లోపలి వాషర్లు అణిగిపోతాయి. రాడ్ ఉంగరాల్లో దూది తిప్పి చూడండి. దూది పోగు తగులుకుంటే అక్కడ పగులు ఉంది, మీ లైన్‌ను కోస్తున్నది అదే.

తర్వాత నోట్‌బుక్ తీయండి. తేదీ, తిథి, ఆటుపోటు సమయాలు, గాలి, నీటి వేడి, మొదటి చేప తగిలిన నిమిషం, ఆఖరిది తగిలిన నిమిషం. పడుకునే ముందే రాయండి, మర్నాటికి నిమిషాలు గుర్తుండవు.